నాలుగు వేల నూట ఇరవై ఏడు

మా పాపకి వచ్చిన ఉత్తరం ఒక్కటే. అది పన్నుల శాఖ నుంచి వచ్చింది.

జర్మనీలో ఏ బిడ్డ పుట్టినా కొన్ని వారాల్లో పదకొండు అంకెల సంఖ్య ఒకటి పోస్టులో ఇంటికొస్తుంది. ఇక్కడ దాన్ని స్టాయర్ ఐడీ అంటారు, అంటే పన్ను గుర్తింపు సంఖ్య. పాలు తాగే పిల్లకి పన్నేమిటని మనవాళ్ళంతా నవ్వుకుంటారు. నేనూ నవ్విన దాన్నే. ఆ కవరు ఎష్‌బోర్న్‌లో మా పోస్టు డబ్బాలో పడేసరికి పాప పుట్టి ఇరవై ఎనిమిది రోజులైంది. పోయి పదహారు రోజులైంది. బతికింది పన్నెండు రోజులు.

కవరు మీద మా ఇంటిపేరు ఉంది. దాని పక్కన పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. లోపలి కాగితంలో ఆ పదకొండు అంకెలు, వాటి కింద ఈ సంఖ్య ఎప్పటికీ మారదు, కాగితం జాగ్రత్తగా దాచుకోండి అన్న అర్థం వచ్చే రెండు ముక్కలు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. పుట్టుక నమోదైంది, సంఖ్య బయల్దేరింది, అది దారిలో ఉండగా పాప వెళ్ళిపోయింది.

పేరు ఎందుకు లేదో చెప్పాలి. అది పూర్తిగా మా నిర్వాకమే. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి ఫోనులో మా అమ్మని, "ఆడపిల్లయితే ఏం పేరు బాగుంటుందే?" అని అడిగాను. అమ్మ ఇంతెత్తున లేచింది.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట నీలాంటివాడే. ముందు పండంటి బిడ్డ చేతికి రానీ. పేర్లట పేర్లు!"

"చూలు ఉందిగా అమ్మా. ఏడో నెల."

"నోర్ముయ్," అంది.

హనుమకొండలో ఉన్న మా అత్తగారిదీ అదే మాట, యాస ఒక్కటే వేరు. పాప పుట్టిన రోజు వీడియోలో ముఖం చూసి మురిసిపోయి, వెంటనే వేలు చూపించారు. "ఇరవయ్యొకటి చేసేదాక పేరు నోట అనద్దు బిడ్డా. నక్షత్రం జూసి అక్షరం పంతులు జెప్తడు. తొట్టెల ఏసిననాడు చెవుల జెప్పాలె." మా గుంటూరు వైపు దాన్ని బారసాల అంటాం, వాళ్ళు తొట్టెల అంటారు, రోజు మాత్రం ఇద్దరికీ ఇరవై ఒకటే. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆ ఐకమత్యం చెడగొట్టడం ఇష్టం లేక మేమిద్దరం కూడా పేరు ఊసెత్తలేదు. ఉత్తినే సరదాకైనా అనుకోలేదు.

ఆసుపత్రిలో ఇచ్చిన ఫారంలో పేరు గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే నెల లోపు చెప్పవచ్చన్నారు. నా భర్త సంబరపడిపోయాడు. "చూసినవా, జర్మనోళ్ళకు గూడ ఇరవయ్యొకటి తెలుసు," అన్నాడు. ఉయ్యాలకి తగిలించిన కార్డు మీద నర్సు ఆడపిల్ల అని జర్మన్‌లో రాసి పక్కన మా ఇంటిపేరు రాసింది. ఇంటికి వచ్చి పసిబిడ్డను చూసిపోయే మంత్రసానిని ఇక్కడ హెబామె అంటారు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ బరువు తూచి, బొడ్డు చూసి, పేరు పెట్టారా అని అడిగేది. "ఇరవై ఒకటో రోజున," అని నేను గొప్పగా చెప్పేదాన్ని. మేము పాప అన్నాం, బుజ్జి అన్నాం, అమ్మడు అన్నాం. పాప లేని ఇల్లేది, బుజ్జి లేని ఇల్లేది!

తొమ్మిదో రోజున పెదవులు నీలంగా మారాయి. గుండెలో పుట్టుకతో వచ్చిన లోపం. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. పన్నెండో రోజు మధ్యాహ్నం నా చేతుల్లోనే పోయింది. దీని గురించి ఇంతకు మించి రాయడం నా వల్ల కాదు.

పేరు పెట్టని బిడ్డకి కర్మలుండవని అత్తగారు ఫోనులో ఏడుస్తూ చెప్పారు. ఊరి శ్మశానంలో పసిపిల్లల కోసం విడిగా ఉంచిన మూలలో పూడ్చిపెట్టాం. నాలుగు రోజుల తరువాత మా పై అంతస్తులో ఉండే బాపట్ల ఆవిడ పప్పుచారు, బెండకాయ వేపుడు పట్టుకుని వచ్చింది. క్రైస్తవులు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"పాప పేరు చెప్పమ్మా. ప్రార్థనలో పేరు పెట్టి అడుగుతాను," అంది.

"పేరు లేదక్కా."

"లేకపోవడమేంటమ్మా?" అని, నా ముఖం చూసి ఆగిపోయింది. "సరేలే. పాప అనే చెప్పుకుంటాను. ఆయనకి తెలుస్తుందిలే."

మంచి మనసుతోనే అంది పాపం. ఆవిడ వెళ్ళగానే పప్పుచారు సింకులో పారబోశాను. గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి నెల పట్టింది.

ఇక నేను చేసిన పని చెబుతాను. మరణం రాయించడానికి స్టాండెస్‌అమ్ట్‌కి, అంటే జననమరణాలు నమోదు చేసే ఆఫీసుకి, వెళ్ళినప్పుడు అక్కడి ఉద్యోగిని నెమ్మదిగా ఒక సంగతి చెప్పింది. పుట్టుక కాగితంలో పేరు ఖాళీగా ఉంది, నెల నిండేలోపు తల్లిదండ్రులిద్దరూ వచ్చి సంతకం పెడితే ఇప్పుడైనా రాస్తాం అంది. నా భర్త ఇరవై నాలుగో రోజుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకున్నాడు. ఇక్కడ ఆఫీసుల్లో టెర్మిన్ దొరకడమంటే తిరుపతిలో దర్శనం టికెట్టు దొరికినట్టే. నేను దాన్ని రెండు రోజుల ముందు రద్దు చేశాను. మెయిల్‌లో ఒక లింకు ఉంటుంది, నొక్కితే చాలు. "వాళ్ళే ఫోన్ చేశారు, పోయిన బిడ్డకి కుదరదట," అని అతనికి చెప్పాను. ఇంట్లో జర్మన్ వచ్చేది నాకే. అతని ఆఫీసంతా ఇంగ్లీషే. నమ్మాడు. ఆ ఆఫీసు వాళ్ళని తెలుగులో నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నాడు.

ఎందుకు చేశావే అని నన్ను నేను అడిగితే కోపం అని చెప్పుకున్నాను. పిలిస్తే పలకని దానికి పేరెందుకు? కోపం నా ముక్కు మీదే ఉంటుందని చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఆ జవాబు నాకు కూడా సరిపోయింది. ఆ పదకొండు అంకెలు పోస్టులో వచ్చిన రోజుకి గడువు ఇంకా రెండు రోజులుంది. నేను కదల్లేదు. ఆ రెండు రోజులూ ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

విజయవాడలో పన్నెండేళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. ఎంసెట్ బ్యాచ్‌లు. నా క్లాసులో కాలిక్యులేటర్ బయటికి తీసినవాడు ఆ రోజంతా నిలబడే ఉండేవాడు. ఏ సంఖ్య కనిపించినా దాన్ని కాస్త గిల్లి చూడందే నాకు తోచదు, బస్సు నంబరైనా, సినిమా టికెట్టు నంబరైనా. కాబట్టి మా పాప సంఖ్యని కూడా చూశాను. ఆ పదకొండు అంకెలూ ఇక్కడ రాయను. దానికంటూ ఉన్నది అదొక్కటే, దాన్ని పుస్తకంలో పెట్టి అందరికీ పంచలేను. గుణాలు మాత్రం చెబుతాను.

ఎనిమిదితో మొదలై ఏడుతో ముగుస్తుంది. మన లెక్కలో ఎనిమిది వేల కోట్ల పైచిలుకు. ఐదు అనే అంకె ఎక్కడా లేదు. మొదటి పది అంకెల్లో ఎనిమిది రెండుసార్లు వస్తుంది, మిగిలినవన్నీ ఒక్కొక్కసారే. ఈ సంఖ్యలన్నీ ఏదో ఇలాంటి పద్ధతిలోనే తయారవుతాయని తరువాత చదివాను. పదకొండో అంకె సొంతంగా పుట్టింది కాదు, ముందు పదింటి మీద ఒక లెక్క కట్టి దాన్ని రాబడతారు. ఎవరైనా రాసేటప్పుడు ఒక అంకె తప్పితే ఆ చివరిది పట్టిస్తుంది. పుట్టిన తేదీ గాని, ఊరు గాని, ఆడా మగా అన్నది గాని అందులో దాగి ఉండవు. ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వరు. ఈ చివరి మాట చదివినప్పుడు మొదటిసారి కొంచెం ఊపిరి తీసుకున్నాను.

తరువాత అలవాటు కొద్దీ భాగించడం మొదలుపెట్టాను. బేసి సంఖ్య కాబట్టి రెండు పోదు. చివర ఏడు కాబట్టి ఐదు పోదు. అంకెలన్నీ కూడితే యాభై ఐదు, అంటే మూడు పోదు. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి ఒకటి విడిచి ఒకటి కూడి తీసేస్తే ఏడు, పదకొండు, పదమూడు మూడింటి సంగతీ ఒకేసారి తేలుతుంది. అవీ పోవు. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు. ఏదీ పోలేదు. అప్పుడు తట్టింది, ఇది ప్రధాన సంఖ్య అయితే?

స్కూలు వదిలి చాలాకాలమైన వాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకటి, తాను తప్ప ఇంకేదీ నిశ్శేషంగా భాగించలేని సంఖ్య ప్రధాన సంఖ్య. దాన్ని ముక్కలు చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఆ మాటే నన్ను పట్టేసింది. పేరు రాయించే అవకాశం నా చేతులతో నేనే పోగొట్టాను. దాని వంతుకి వచ్చిన సంఖ్య అయినా ఎవరూ విడగొట్టలేనిది కావాలి. అలా అయితే నేను చేసింది కొంచెమైనా కప్పుకుపోతుందని ఆశ. ఆ ఆశకి అర్థం లేదని నాకు తెలుసు. ఆ సైజు సంఖ్యల్లో సుమారు పాతిక్కి ఒకటి మాత్రమే ప్రధాన సంఖ్య అని కూడా తెలుసు. అయినా సూపర్ మార్కెట్‌కి వెళ్ళి రెండు లెక్కల పుస్తకాలు కొన్నాను. ఇక్కడి పిల్లల లెక్కల పుస్తకాల్లో చిన్న చిన్న గళ్ళుంటాయి, గడికి ఒక అంకె వేయాలి. కుడి వైపు నిలువు గీత కొట్టి చిత్తు లెక్కకి చోటు విడిచాను, మా పిల్లల చేత చేయించినట్టే.

ఏ సంఖ్యనైనా దాని వర్గమూలం దాకా పరీక్షిస్తే చాలు. ఇక్కడ అది రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు దాదాపు పాతిక వేలు. వాటి పట్టిక మాత్రం లైబ్రరీలో ప్రింటు తీసుకున్నాను, భాగహారం నా చేత్తోనే. రోజుకి ఇరవై చొప్పున మూడున్నరేళ్ళ పని. మూడున్నరేళ్ళకి పాప కిటాకి, అంటే ఇక్కడి పిల్లల బడికి, వెళ్తూ ఉండేది. పొద్దున్నే నా భర్త ఆఫీసుకి వెళ్ళగానే వంటింటి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. గంటన్నర పట్టేది. ఆ గంటన్నరలో పాప నా దగ్గర ఉన్నట్టుండేది. మిగతా రోజంతా ఉండేది కాదు.

వారం గడిచాక ఒక సాయంత్రం అతను పుస్తకం తిరగేశాడు.

"గిది ఒక్క సెకన్ పని. ల్యాప్‌టాప్‌ల కొడితే అయిపోతది," అన్నాడు.

"పాపని కూడా ల్యాప్‌టాప్‌లోనే కన్నామా?" అన్నాను. "నువ్వు గాని దీన్ని కంప్యూటర్‌లో వేశావని తెలిసిందంటే ఈ ఇంట్లో ఉండను. చెబుతున్నా."

అతను పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ పుస్తకంలో ఆ రోజు పేజీ మాత్రం చూసేవాడు. ఎక్కడిదాకా వచ్చిందో చూసి మూసేవాడు. ఆ చూపు నాకు నచ్చేది. ఇంటి దగ్గర నా పని చూసేవాళ్ళు ఇంకెవరున్నారు!

నెలలు గడిచాయి. జర్మన్ క్లాసు మానేశాను. మనవాళ్ళ ఫంక్షన్లకి వెళ్ళడం మానేశాను, అక్కడికి వెళ్తే ఎవరో ఒకరు "మళ్ళీ పుడుతుందిలే" అంటారు, నేనేదో ఒకటి అంటాను. పుస్తకాలు పదకొండయ్యాయి. ఏడు నెలలు నిండేసరికి నాలుగు వేల రెండు వందల భాగహారాలు చేశాను. పట్టికలో నలభై వేల సంఖ్య దాకా వచ్చాను. ఒక్కటీ పోలేదు. ప్రతిసారీ ఏదో ఒక శేషం మిగులుతూనే ఉంది. ఇంతదాకా ఏదీ భాగించలేదంటే అది ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం ఎంతో లెక్క కట్టి చూశాను. నాలుగింట మూడు వంతులు. పాతిక్కి ఒకటి నుంచి నాలుగింట మూడు వంతులకి వచ్చింది మా పాప. ఆ రోజు బల్ల మీద చెయ్యేసి కొట్టి లేచాను. సంతోషమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది గాని, సంతోషమే.

ఆ వారంలోనే పాప సమాధికి రాయి చెక్కే ఆయన మెయిల్ పెట్టాడు. మట్టి కుదురుకుంది, ఇక చిన్న రాయి పెట్టవచ్చు, దాని మీద ఏం చెక్కాలో రాయండి అని. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

ఆదివారం. బయట దుకాణాలన్నీ మూసి ఉండి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అన్నాలయ్యాక అతను బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను.

"రాయి మీద ఇంటిపేరు వేయించి, కింద ఆ నంబరు చెక్కిద్దాం. పేరు ఎలాగూ లేదు. అది ప్రైమ్. నాకు దాదాపు తెలిసిపోయింది. ఎవరూ విడగొట్టలేని నంబరు దానిది. అదే పేరు అనుకుందాం."

అతని చేతులు ఆగిపోయాయి. "వద్దు," అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"వద్దన్న గదా. ఉత్త ఇంటిపేరు పెడదాం."

"ఏడు నెలల నుంచి చేస్తున్నాను నేను. నీకేం తెలుసని వద్దంటున్నావ్?"

అతను కత్తి పక్కన పెట్టాడు. "అది ప్రైమ్ గాదు," అన్నాడు. "ఉత్తరం వచ్చిన మర్నాడే ఆఫీసుల చూసిన. నువ్వు వద్దనక ముందే. ఫోర్ వన్ టూ సెవెన్‌తోని పోతది. రాయి మీద అబద్ధం ఎట్ల చెక్కిస్తం?"

నాకు ముందు నవ్వొచ్చింది. "నాలుగు వేల నూట ఇరవై ఏడు నేను ఎప్పుడో చేసేశాను. పోలేదు. శేషం వచ్చింది."

"పోయింది. నువ్వు తప్పు చేసినవ్."

పన్నెండేళ్ళ సర్వీసులో నాతో ఆ మాట అన్నవాడు లేడు. లేచి వెళ్ళి రెండో పుస్తకం తెచ్చి అతని ముందు విసిరాను. అతను వెతుక్కోలేదు. సరిగ్గా ఆ పేజీ తీశాడు. ఎన్నిసార్లు తీశాడో, పుస్తకం అక్కడే తెరుచుకుంది. చిత్తు లెక్క చేసే కుడి వైపు గళ్ళలో ఒక చోట వేలు పెట్టాడు.

నాలుగు వేల నూట ఇరవై ఏడుని ఎనిమిదితో హెచ్చవేయాలి. ఎనిమిది ఏళ్ళు యాభై ఆరు, ఆరు వేసి ఐదు చేతిలో. ఎనిమిది రెళ్ళు పదహారు, ఐదు కలిపితే ఇరవై ఒకటి, ఒకటి వేసి రెండు చేతిలో. ఎనిమిదొకట్ల ఎనిమిది, రెండు కలిపితే పది, సున్న వేసి ఒకటి చేతిలో. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, ఆ ఒకటి కలిపితే ముప్పై మూడు. నేను ముప్పై రెండే వేశాను. ముప్పై మూడు వేల పదహారు రావాల్సిన చోట ముప్పై రెండు వేల పదహారు ఉంది. ఈ తప్పు చేసిన పిల్లల చేత అదే లెక్క వందసార్లు రాయించిన దాన్ని నేను.

అతని ముందే కొత్త పేజీ తీసి మళ్ళీ చేశాను. అంకెలు గళ్ళు దాటి పోయాయి. ఒక్కో అంకె దింపుకుంటూ వచ్చాను. చివరి ఏడు దింపాను. కింద నాలుగు వేల నూట ఇరవై ఏడే వచ్చింది. ఒకటి వేసి తీసేస్తే సున్న. రెండు కోట్లకి కాస్త తక్కువగా, ఒకటితో ముగిసే సంఖ్య ఒకటి పైన మిగిలింది. అంతే. మా పాప సంఖ్య రెండు ముక్కలైంది. ఏడు నెలలు నేను కాపలా కాసింది ఖాళీ ఇంటికి.

"నేను ఆ లెక్క చేసి ఆర్నెల్లయింది," అన్నాను. "ఆర్నెల్లు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించావా? రోజూ ఆ పేజీలు చూస్తూ టీ తాగుతూ?"

"చెప్తామనే అనుకున్న. గా రోజు నేను వచ్చేసరికి నువ్వు ఆ లెక్క దాటిపోయినవ్. పేజీ చూసిన, తప్పు దొరికింది. చెప్తామని వంటింట్లకు వచ్చిన. నువ్వు అన్నం వండినవ్ ఆ రోజు. రెండు నెలల్ల మొదటిసారి. పప్పు గూడ చేసినవ్. నాకు వడ్డించి, నువ్వు గూడ తిన్నవ్." బల్ల మీది వెల్లుల్లి పొట్టు ఒక చోటికి ఊడ్చాడు. "ఎట్ల చెప్పాలె నేను? రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంట ఇంతదాక వచ్చిన."

ఆర్నెల్లు ఈ మనిషి నా తప్పుని తన దగ్గర దాచుకుని నాకు అన్నం తినిపించాడు. అతను ముఖం తుడుచుకుని మళ్ళీ అన్నాడు.

"ఆ ఆఫీసోళ్ళు గప్పుడు పేరు రాసుకోనిచ్చి ఉంటే గీ నంబరు పంచాయితీనే ఉండకపోవు. ఇప్పటికీ ఆ వీధిల పోవాల్నంటే చుట్టు తిరిగి పోత నేను. కండ్ల పడితే తిట్టాలనిపిస్తది."

ఇక ఆగలేకపోయాను. "వాళ్ళు వద్దనలేదు," అన్నాను. "ఎవరూ ఫోన్ చెయ్యలేదు. టెర్మిన్ నేనే క్యాన్సిల్ చేశాను."

అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"ఎందుకు?"

"కోపం వచ్చి," అన్నాను. అలవాటైన జవాబు కదా, దానంతట అదే వచ్చేసింది.

"సరే. పోనీ, నీ మనసుల ఏం పేరుండె గప్పుడు?"

నాలుగు వేల రెండు వందల సంఖ్యలతో ఒకే సంఖ్యని భాగించాను, ఈ ఒక్క ప్రశ్న మాత్రం నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. అడగకుండా ఉండటానికే అవన్నీ భాగించానని అప్పుడు తెలిసింది. నా మనసులో పేరు లేదు. తొమ్మిది నెలలు మోసి, పన్నెండు రోజులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క పేరు కూడా అనుకోలేదు. ఇరవై ఒకటో రోజు దాకా టైముందనుకున్నాను. ఆ ఆఫీసుకి వెళ్తే కుర్చీలో కూర్చున్న ఆవిడ పెన్ను పట్టుకుని, బిడ్డ పేరేమిటి అని అడుగుతుంది. కన్నతల్లిని, నేను నోరు తెరిచి ఏం చెప్పాలి? ఆ ప్రశ్నకి భయపడి లింకు నొక్కాను. కోపం గీపం ఏమీ కాదు.

ఇదంతా అతనికి చెప్పాను. ఇలా వరసగా కాదు, ఏడుస్తూ, ముందు మాట వెనకా వెనక మాట ముందూగా చెప్పాను. అతను అడ్డు రాలేదు. ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు ఒక్కొక్కటే గిన్నెలో వేస్తూ విన్నాడు.

"నా దగ్గర గూడ లేకుండె," అన్నాడు చివరికి. "టెర్మిన్ తీసుకున్నగని, పోయి ఏం చెప్పాలె అని రెండు రోజులు నిద్ర పట్టలే. నిన్ను అడుగుదామంటే భయమైంది. వాళ్ళు కుదరదన్నరు అని నువ్వు చెప్పినవ్ చూడు, గప్పుడు నా పానం నిమ్మలమైంది." చివరి రెబ్బ గిన్నెలో వేసి, "గది నీకు తెలియొద్దనే గంతగనం తిట్టిన వాళ్ళను," అన్నాడు.

అంట్లు అతను కడిగాడు, నేను తుడిచి పెట్టాను. ఇప్పుడైనా ఒక పేరు అనుకుందామా అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. పుట్టుక కాగితంలో ఆ గడి ఖాళీగానే ఉంది, గడువు దాటి ఎంతో కాలమైంది.

మర్నాడు పొద్దున రాయి చెక్కే ఆయనకి నేనే జవాబు రాశాను. ఇంటిపేరు, రెండు తేదీలు. ఇంకేమైనా చేర్చాలా అని ఆయన అడిగాడు. చేర్చడానికి మా దగ్గర ఇంకేమీ లేదని రాశాను.